స్థానిక బిల్లు: అమెరికా రాష్ట్ర శాసనసభలో ఊరి పని

అమెరికా రాష్ట్ర శాసనసభల్లో ఒకే కౌంటీకో, ఒకే ఊరికో, ఒక్కోసారి ఒకే ఒక్క ఉద్యోగికో వర్తించేలా పెట్టే బిల్లును స్థానిక బిల్లు అంటారు. రాష్ట్రమంతటికీ వర్తించేది సాధారణ బిల్లు. పత్రికల మొదటి పేజీకెక్కేవి సాధారణ బిల్లులే. అయితే సభ్యుడికి సొంత ఊళ్లో పేరు తెచ్చేవీ, ఉన్న పేరు పోగొట్టేవీ స్థానిక బిల్లులు, వాటికి తోడు నియోజకవర్గానికి పట్టుకొచ్చే నిధులు.

తెలుగు పాఠకుడికి ఇది కొంచెం కొత్తగా ఉంటుంది. మన శాసనసభ్యుడు ఊరి పని కోసం సచివాలయం మెట్లెక్కుతాడు, మంత్రికి విన్నపం ఇస్తాడు, జీవో తెచ్చుకుంటాడు. అమెరికా సభ్యుడు అదే పనికి బిల్లు రాయించుకుంటాడు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 21 కొత్త జిల్లాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలైంది. రెండు చోట్లా జిల్లాల హద్దులు గీసింది ప్రభుత్వ ఉత్తర్వులే, ఒక్కో జిల్లాకు ఒక్కో బిల్లు పెట్టి సభలో ఓటింగు జరపలేదు. అదే జార్జియా రాష్ట్రంలో ఓ పేట జనం కలిసి నగరంగా ఏర్పడాలనుకుంటే ఆ నగరం పేరుతోనే బిల్లు రావాలి, ఉభయ సభలూ దాటాలి, గవర్నర్ సంతకం పడాలి, ఆపైన స్థానికులు ఓటేయాలి.

ఊరికి సొంత అధికారం లేదన్న సూత్రం

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే 1868 నాటి అయోవా రాష్ట్రానికి వెళ్లాలి. క్లింటన్ నగరానికీ ఒక రైల్వే కంపెనీకీ నడిచిన వ్యాజ్యంలో న్యాయమూర్తి జాన్ డిలన్ ఒక సూత్రం చెప్పాడు. నగరానికి పుట్టుకతో వచ్చిన అధికారాలంటూ ఏవీ లేవు, రాష్ట్ర శాసనసభ ఇచ్చినవే దాని అధికారాలు, ఇచ్చిన సభే వాటిని వెనక్కి తీసుకోవచ్చు. దీన్నే డిలన్ సూత్రం అంటారు. 1907లో పిట్స్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇదే వైఖరి తీసుకుంది. ఊరికి స్వయంపాలన హక్కు ఇచ్చే మరో దారిని 1875లో మిస్సోరీ రాజ్యాంగం తెరిచింది, దానికి హోంరూల్ అని పేరు. నేటికీ రాష్ట్రాలు ఈ రెండు ధోరణుల మధ్య ఎక్కడో ఒక చోట నిలబడి ఉన్నాయి. డిలన్ సూత్రం బలంగా ఉన్న చోట ఊరికి ఏ చిన్న అవసరం వచ్చినా శాసనసభ గడప తొక్కాల్సిందే.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ రద్దీ మరీ ముదిరింది. కంపెనీల స్థాపన, పేరు మార్పు, కొన్ని రాష్ట్రాల్లో విడాకులు కూడా ప్రత్యేక చట్టాలతోనే జరిగేవి. డబ్బున్న కంపెనీ ఒక సభ్యుణ్ణి పట్టుకుని ఒక ఊరి వీధులపై హక్కు రాయించుకున్న కథలు అప్పట్లో కోకొల్లలు. విసిగిపోయిన జనం రాజ్యాంగాలనే మార్చారు. 1851 ఇండియానా రాజ్యాంగం ఏయే విషయాల్లో స్థానిక చట్టాలు చేయకూడదో జాబితా రాసింది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటివి 1870ల్లో అదే బాట పట్టాయి.

శాసనసభ్యులు ఊరుకుంటారా? ఊరి పేరు రాయకుండా ఊరిని వర్ణించడం నేర్చుకున్నారు. జనాభా ఇంతకు మించి, ఇంతకు లోబడి ఉన్న నగరాలకు మాత్రమే వర్తిస్తుందని రాస్తే ఆ కొలతకు సరిపోయేది రాష్ట్రంలో ఒక్క నగరమే ఉంటుంది. ఓహైయోలో ఈ వర్గీకరణ ముదిరి పెద్ద నగరం ఒక్కొక్కటీ ఒక్కో తరగతైపోయింది, చివరికి 1902లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పెన్సిల్వేనియాలో మొదటి తరగతి నగరం అంటే ఈనాటికీ ఫిలడెల్ఫియా ఒక్కటే. టెక్సాస్ వాళ్లు ఈ తరహా బిల్లును బ్రాకెట్ బిల్లు అంటారు. పెళ్లిచూపుల్లో పేరు చెప్పకుండా గుణగణాలన్నీ ఏకరువు పెట్టినట్టన్నమాట, ఎవరి గురించో అందరికీ తెలుసు.

బిల్లు నడిచే దారి

స్థానిక బిల్లుకు తొలి మెట్టు పత్రికా ప్రకటన. అలబామా రాజ్యాంగం 106వ సెక్షన్ ప్రకారం, ఫలానా బిల్లు పెట్టబోతున్నామని ఆ కౌంటీ పత్రికలో వారానికోసారి చొప్పున వరుసగా నాలుగు వారాలు ప్రకటించాలి. ఫ్లోరిడాలో 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, లేదంటే చట్టం అమలును స్థానికుల ఓటుకు ముడిపెట్టాలి. మసాచుసెట్స్‌లో 1966 నుంచి ఉన్న పద్ధతి వేరు. అక్కడ ఊరి పాలకవర్గమే తీర్మానం చేసి శాసనసభకు అర్జీ పంపుకోవాలి. మద్యం దుకాణాల లైసెన్సులు కోటాకు మించి కావాలన్నా అర్జీయే. 2024లో బోస్టన్ నగరానికి 225 కొత్త లైసెన్సులు ఇలాంటి చట్టంతోనే వచ్చాయి. అనారోగ్యంతో సెలవులన్నీ అయిపోయిన ఒక ఉద్యోగికి తోటివారు తమ సెలవులు దానం చేయడానికి వీలుగా, ఆ ఉద్యోగి పేరు పెట్టి చట్టం చేయడం కూడా అక్కడ మామూలే. మన దగ్గర అది ఓ గుమాస్తా ఫైలుతో తేలే పని.

రెండో మెట్టు కౌంటీ ప్రతినిధి బృందం. ఆ కౌంటీ నుంచి ఎన్నికైన సభ్యులంతా, ఏ పార్టీవారైనా, ఒక చోట కూర్చుని బిల్లును చూస్తారు. మేరీల్యాండ్‌లో ఈ ఏర్పాటు బాగా స్థిరపడింది. అక్కడ 47 మంది సెనేటర్లు, 141 మంది డెలిగేట్లు (దిగువ సభ సభ్యులు), ఏటా జనవరిలో మొదలయ్యే సమావేశాలు 90 రోజులు. 23 కౌంటీలు, వాటికి తోడు బాల్టిమోర్ నగరం. మద్యం చట్టమైతే కౌంటీకో తీరు. ఏ దుకాణం ఎన్ని గంటలకు మూయాలి, ఏ హోటల్‌కు ఏ లైసెన్సు అన్నవన్నీ కౌంటీవారీగా అధ్యాయాలై ఉన్నాయి. ఒక్క హోటల్ యజమాని కోరిక కూడా సభ్యుడి చేతిలో బిల్లుగా మారొచ్చు.

మూడో మెట్టు అసలు కీలకం, దీనికి మాత్రం ఏ రాజ్యాంగంలోనూ సెక్షన్ నంబరు లేదు. దాన్ని స్థానిక మర్యాద అంటారు. మా ఊరి బిల్లుకు నువ్వు అడ్డం రాకు, మీ ఊరి బిల్లుకు నేను రాను. ప్రతినిధి బృందం సరేనందంటే మిగతా సభ తలూపుతుంది, లేదా ఓటింగులో పాల్గొనకుండా ఊరుకుంటుంది. జార్జియా ప్రతినిధుల సభలో 180 మంది సభ్యులుంటారు. స్థానిక బిల్లులను ఒక కట్టగా చేర్చి ఒకే ఓటుతో దాటించేస్తారు. పుస్తకాల్లో చూస్తే సభ మొత్తం ఆమోదించిన చట్టం, నిజానికి నిర్ణయించింది ఆ ఊరికి చెందిన ముగ్గురో నలుగురో. స్థానిక బిల్లు గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోదలిస్తే ఇదే గుర్తుపెట్టుకోవాలి. దీని మంచీ చెడూ రెండూ ఇక్కడే పుడతాయి.

గవర్నర్ పాత్ర కూడా చోటును బట్టి మారుతుంది. ఉత్తర కెరొలినాలో గవర్నర్‌కు వీటో అధికారమే 1996 సవరణతో వచ్చింది, అదీ 15 కంటే తక్కువ కౌంటీలకు వర్తించే స్థానిక బిల్లుల మీద చెల్లదు. టెనెసీలో 1953 సవరణ నుంచి స్థానిక చట్టానికి ఊరి పాలకవర్గం మూడింట రెండు వంతుల ఓటుతోనో, స్థానిక ఓటర్లు మెజారిటీతోనో ఒప్పుకోవాలి. మిషిగన్‌లో ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన స్థానికుల ఓటు. అంత కష్టం కాబట్టి అక్కడ స్థానిక చట్టాలు అరుదు.

అలబామా

ఈ పద్ధతి ఎంత లోతుకు పోగలదో చూపే రాష్ట్రం అలబామా. 1901 రాజ్యాంగాన్ని రాసిన సభ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు, నల్లజాతివారి చేతి నుంచి ఓటు లాక్కోవడం కోసమే అది కూర్చుంది. దానితో పాటే కౌంటీలకు సొంత అధికారం లేకుండా చేసింది. నల్లవారు ఎక్కువగా ఉన్న కౌంటీలో వాళ్లే పాలకులు కాకుండా చూడాలంటే, పెత్తనమంతా రాజధాని మాంట్‌గోమరీలోని శాసనసభలో ఉంటేనే కుదురుతుంది. ఫలితంగా కౌంటీ బింగో ఆటలకు అనుమతివ్వాలన్నా ఒక్కోసారి రాజ్యాంగ సవరణే అవసరమైంది. 2020 ఎన్నికల తర్వాత సవరణలు 970 దాటాయి, వాటిలో ఎక్కువ భాగం ఒక్కో కౌంటీకో, ఊరికో సంబంధించినవి. ప్రపంచంలో అతి పొడవైన రాజ్యాంగాల్లో ఒకటిగా అది పేరుపడింది. జాత్యహంకార భాషను తొలగించి, అంశాలను క్రమంలో పేర్చిన కొత్త కూర్పును ఓటర్లు 2022 నవంబర్‌లో ఆమోదించారు. కౌంటీల అధికారం విషయంలో మాత్రం పెద్ద మార్పు రాలేదు.

1957లో అదే శాసనసభ 140వ నంబరు స్థానిక చట్టం చేసింది. విషయం టస్కీగీ పట్టణపు ఎల్లలు. బిల్లు తెచ్చింది ఆ ప్రాంత సెనేటర్ సామ్ ఎంగెల్‌హార్ట్. అప్పటిదాకా చదరంగా ఉన్న పట్టణం ఆ చట్టంతో 28 భుజాల వింత ఆకారమైంది. గీత ఎలా తిరిగిందంటే, ఓటున్న సుమారు 400 మంది నల్లజాతి పౌరుల్లో నలుగురైదుగురు తప్ప అందరూ పట్టణం బయటికి పోయారు, ఒక్క తెల్ల ఓటరు కూడా పోలేదు. చట్టంలో జాతి అన్న మాటే లేదు, ఉన్నవన్నీ దిక్కులూ కొలతలే. టస్కీగీ విద్యాసంస్థ ఆచార్యుడు చార్లెస్ గోమిలియన్, మరికొందరు కోర్టుకెక్కారు. 1960 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వారి పక్షాన తీర్పిచ్చింది. ఊళ్ల ఎల్లలు మార్చే హక్కు రాష్ట్రానికి ఉన్నా, ఓటు హక్కును కాలరాయడానికి దాన్ని వాడుకోకూడదని తేల్చింది. స్థానిక మర్యాద పేరుతో మిగతా సభ చూపు తిప్పుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ అక్కర్లేదు.

పత్రికా ప్రకటన ఉత్త లాంఛనమేనని అనుకునేవారికి జెఫర్సన్ కౌంటీ కథ చెప్పాలి. బర్మింగ్‌హామ్ నగరం ఉన్న కౌంటీ అది. అక్కడ పనిచేసేవారి జీతాలపై వేసే వృత్తి పన్ను కౌంటీ ఖజానాకు పెద్ద ఆధారం. పాత పన్ను కోర్టులో ఓడిపోతే 2009లో శాసనసభ కొత్త స్థానిక చట్టం చేసి దాన్ని నిలబెట్టింది. 2011 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్నీ కొట్టేసింది, బిల్లు గురించి ముందస్తు ప్రకటన సరిగ్గా ఇవ్వలేదన్నది కారణం. అప్పటికే మురుగునీటి వ్యవస్థ కోసం చేసిన అప్పులు, వాటి చుట్టూ అల్లుకున్న అవినీతి కౌంటీ మెడకు ఉరితాడై ఉన్నాయి. అదే ఏడాది నవంబర్‌లో జెఫర్సన్ కౌంటీ 400 కోట్ల డాలర్లకు పైగా అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. రెండేళ్ల తర్వాత డెట్రాయిట్ దాటేదాకా అమెరికాలో స్థానిక సంస్థల దివాలాల్లో అదే పెద్దది.

జార్జియాలో పుట్టిన ఊళ్లు

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న శాండీ స్ప్రింగ్స్ ప్రాంతం ఫుల్టన్ కౌంటీ పాలనలో ఉండేది. తమ పన్నులు కౌంటీ దక్షిణ భాగానికి పోతున్నాయనీ, తమకు తగిన సేవలు అందడం లేదనీ అక్కడివారి ఫిర్యాదు. ఈవా గలాంబోస్ అనే ఆర్థికవేత్త సుమారు 30 ఏళ్లు ఈ నగర ప్రతిపాదనను మోసింది. బిల్లు మాత్రం ఏటా ఆగిపోయేది, ఎందుకంటే ప్రతినిధి బృందంలో అట్లాంటా, దక్షిణ ఫుల్టన్ సభ్యులు ఒప్పుకోలేదు. 2004 ఎన్నికల్లో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికి వచ్చాక లెక్క మారింది. 2005లో బిల్లు గెలిచింది, జూన్‌లో స్థానికులు 94 శాతం ఓట్లతో ఔనన్నారు, డిసెంబర్ 1న నగరం పుట్టింది. గలాంబోస్ తొలి మేయర్ అయ్యింది. పోలీసు, అగ్నిమాపక శాఖలు మినహా దాదాపు అన్ని సేవలనూ ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టిచ్చి దేశమంతటా చర్చనీయాంశమైన నగరం ఇది, 2019లో వాటిలో చాలా పనులను తిరిగి తన ఉద్యోగుల చేతికే తెచ్చుకుంది.

ఆ వెనకే జాన్స్ క్రీక్, మిల్టన్ 2006లో, డన్‌వుడీ 2008లో, బ్రూక్‌హేవెన్ 2012లో నగరాలయ్యాయి. జాన్స్ క్రీక్ పేరు తెలుగువారికి కొత్త కాదు. అక్కడి కాలనీల్లో మనవాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. తాము పన్ను కడుతున్న నగరం ఇరవై ఏళ్ల కిందట ఒక స్థానిక బిల్లుతో పుట్టిందని వారిలో ఎందరికి తెలుసో! ఉత్తరాన సంపన్న పేటలన్నీ నగరాలైపోయాక మిగిలిన దక్షిణ భాగం కూడా చివరికి 2017లో సౌత్ ఫుల్టన్ నగరంగా నిలబడింది.

మర్యాద తప్పిన సందర్భం బక్‌హెడ్. అట్లాంటా జనాభాలో దాదాపు అయిదో వంతు, సంపదలో అంతకు మించిన వాటా ఉన్న ఆ పేటను నగరం నుంచి విడదీయాలని 2023లో బిల్లు వచ్చింది. దాన్ని ముందుకు నడిపిన సెనేటర్లు అట్లాంటావారు కారు. అట్లాంటా ప్రతినిధులు ఎదురు తిరిగారు. మార్చి 2న సెనేట్‌లో బిల్లు 23–33 తేడాతో ఓడిపోయింది. 33 మంది రిపబ్లికన్లున్న సభలో పది మంది సొంత పార్టీ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. ఊరివాళ్లు కానివాళ్లు ఊరిని విడగొట్టడమేమిటన్న సంకోచం పార్టీ విధేయతను గెలిచిన అరుదైన ఘట్టం ఇది.

స్థానిక చట్టంతో లాభపడేది జనమే కానక్కర్లేదు. 1967లో ఫ్లోరిడా శాసనసభ సుమారు 25 వేల ఎకరాల డిస్నీ భూమికి రీడీ క్రీక్ అభివృద్ధి జిల్లా అని పేరు పెట్టి, రోడ్లు, నీరు, అగ్నిమాపకం, భవన నిర్మాణ నియమాలు అన్నీ దాని చేతిలో పెట్టింది. అర్ధ శతాబ్దం పైగా ఒక కంపెనీ తనకు తానే పంచాయతీగా ఉంది. గవర్నర్‌తో రాజకీయంగా చెడ్డాక 2023లో అదే శాసనసభ మరో చట్టంతో జిల్లా పేరు మార్చి, బోర్డును నియమించే అధికారం గవర్నర్‌కిచ్చింది. ఇచ్చిన చేయే తీసుకోగలదన్న డిలన్ మాటకు అంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

నిధుల సంగతి

మన దగ్గర శాసనసభ్యుడికి నియోజకవర్గ అభివృద్ధి నిధి అని ఏటా నిర్ణీత మొత్తం ఉంటుంది. తెలంగాణలో 2021లో దాన్ని 3 కోట్ల నుంచి 5 కోట్ల రూపాయలకు పెంచారు. అమెరికా రాష్ట్రాల్లో మొత్తం మీద అలాంటి హక్కు లేదు. సభ్యుడు అడగాలి, బడ్జెట్ కమిటీ ఛైర్మన్ దయ తలచాలి, గవర్నర్ కలం పోటు తప్పించుకోవాలి. 44 రాష్ట్రాల్లో గవర్నర్‌కు బడ్జెట్‌లో ఏదో ఒక్క పద్దును మాత్రం కొట్టేసే అధికారం ఉంది.

అడిగే తీరు రాష్ట్రానికొకటి. మేరీల్యాండ్‌లో మ్యూజియం, సామాజిక భవనం, పార్కు వంటి నిర్మాణానికి సభ్యుడు బాండ్ల (ప్రభుత్వ అప్పు) నిధుల కోసం అర్జీ పెడతాడు. మినెసోటాలో ఇలాంటి పనులన్నీ పెద్ద బాండ్ల బిల్లులోకి చేరతాయి. అది గట్టెక్కాలంటే ఉభయ సభల్లోనూ అయిదింట మూడు వంతుల మద్దతు కావాలి కాబట్టి ప్రతిపక్షం నియోజకవర్గాలకూ వాటా పెట్టక తప్పదు. సమావేశాలకు ముందు కమిటీ సభ్యులు బస్సులెక్కి, కారుతున్న కళాశాల కప్పులు, పాత నీటి శుద్ధి కేంద్రాలు స్వయంగా చూసి వస్తారు. బడ్జెట్ పొత్తుల్లో ఇంతకంటే ఆరోగ్యకరమైనది నాకు కనబడలేదు.

చివరి గంటల్లో బడ్జెట్‌లో వేలాడదీసే పద్దులను న్యూజెర్సీలో క్రిస్మస్ చెట్టు పద్దులంటారు. సరైన పరిశీలన లేకుండా దూరిన వాటిని ఫ్లోరిడాలో టర్కీ కోళ్లంటారు, ఫ్లోరిడా ట్యాక్స్‌వాచ్ అనే సంస్థ ఏటా వాటి జాబితా అచ్చేస్తుంది. న్యూయార్క్‌లో ఒకప్పుడు సభ్యుల పద్దులు సభా నాయకుల చేతి చలవగా ఉండేవి, విధేయుడికి ఎక్కువ, ఎదురు తిరిగినవాడికి తక్కువ. తమ చెప్పుచేతల్లోని సంఘాలకు ఆ డబ్బు మళ్లించి జైలుకెళ్లిన సభ్యులూ ఉన్నారు. 2010లో గవర్నర్ డేవిడ్ ప్యాటర్సన్ 6,000కు పైగా పద్దులను ఒక్కొక్కటిగా వీటో చేశాడు.

తెలుగు మూలాల సభ్యులు

నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల న్యూజెర్సీ అసెంబ్లీలో 2002 నుంచి 2014 దాకా ఉన్నారు, ఉపసభాపతిగా కూడా చేశారు. అంతకు ముందు ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ మేయర్. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన పద్మ కుప్ప ట్రాయ్ పట్టణ ప్రణాళికా సంఘం నుంచి వచ్చి 2019 నుంచి 2022 దాకా మిషిగన్ ప్రతినిధుల సభలో ఉన్నారు. ఈ రెండూ స్థానిక చట్టానికి గట్టి కంచె వేసిన రాష్ట్రాలు. మేరీల్యాండ్ తీరు వేరు. హైదరాబాద్‌లో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వెళ్లిన అరుణా మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ, మాంట్‌గోమరీ కౌంటీలో రవాణా ఇంజనీరుగా పనిచేశారు. 2010 ఎన్నికల్లో 15వ జిల్లా నుంచి డెలిగేట్‌గా గెలిచి ఎనిమిదేళ్లు ఉన్నారు. 2023 జనవరిలో రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ముగ్గురూ ఇంజనీర్లు కావడం, మొదటి ఇద్దరు స్థానిక పాలన నుంచే రావడం యాదృచ్ఛికమనిపించదు.

సభ్యుడి రోజువారీ పనిలో చట్టం కంటే ఎక్కువ భాగం ఫోన్లకే పోతుంది. రాని నిరుద్యోగ భృతి, ఆగిపోయిన లైసెన్సు, గుంతల రహదారి, ఇవి ఏ దేశంలోనైనా ఒకటే. జీతం మాత్రం ఒకటి కాదు. న్యూహాంప్‌షైర్‌లో 400 మంది ప్రతినిధులకు రెండేళ్లకు కలిపి 200 డాలర్లు. టెక్సాస్‌లో నెలకు 600. ఇంత తక్కువ జీతంతో పూర్తికాలపు సిబ్బంది లేని చోట బిల్లు ముసాయిదాను ఒక్కోసారి అడిగినవారి న్యాయవాదే రాసిస్తాడు.

జార్జియా, అలబామా, ఫ్లోరిడాల్లో ఉంటున్న తెలుగు పాఠకులకు ఒక మాట. మీ ఊరి గురించి బిల్లు వస్తోందంటే ఆ కబురు టీవీలో రాదు. కౌంటీ పత్రిక చివరి పేజీల్లో, వేలం ప్రకటనల పక్కన, చిన్న అక్షరాల్లో వస్తుంది. ఫ్లోరిడాలో ప్రతి కౌంటీ ప్రతినిధి బృందం సమావేశాలకు ముందు తమ ఊళ్లోనే బహిరంగ విచారణ పెడుతుంది, వెళ్లి పేరిచ్చి మాట్లాడవచ్చు.